చూపించని ఎల్లో కార్డు

"బంతిని గ్యాలరీలోకి తన్నావు. సరే. తన్నితే కార్డు చూపించాలి కదా. ఎందుకు చూపించలేదు?" అన్నాడు నెల్లో.

"అది రిఫరీని అడుగు," అన్నాడు లోరిస్.

"నిన్ను అడుగుతున్నాను బావా."

ఓర్నెల్లా కుందేలు కూర గిన్నె తెచ్చి టేబుల్ మధ్యలో పెట్టింది. మొగుడూ తమ్ముడూ వడ్డించుకోలేదు. ఆమె తండ్రి సెత్తీమియో రొట్టె తుంచి నోట్లో వేసుకుని నములుతున్నాడు. పొద్దున్నుంచి ఆయన నోట మాట రాలేదు.

సోమవారం ఆటగాళ్లకు సెలవు. పెళ్లయినప్పటి నుంచి లోరిస్ ఫాంతూజ్జీ ఏ ఊరి జట్టుకి ఆడుతున్నా సోమవారం భోజనం మాత్రం మోంతెలారోలో, మామగారింట్లో. తల్లి పోయాక ఓర్నెల్లా తండ్రి దగ్గరే ఉండిపోయింది. లోరిస్ సముద్రం ఒడ్డున పోర్తోవివోలో అద్దె గదిలో ఉంటూ వచ్చిపోతున్నాడు.

వచ్చే ఆదివారం సీజన్‌లో చివరి మ్యాచ్. మోంతెలారో మైదానంలో, పోర్తోవివో జట్టుతో. మోంతెలారోకి డ్రా చాలు, మూడో డివిజన్‌లో నిలబడుతుంది. ఓడితే జీతాల్లేని అమెచ్యూర్ జట్లలో పడుతుంది. పోర్తోవివోకి గెలుపే కావాలి. గెలిస్తే రెండో డివిజన్‌కి వెళుతుంది.

పోర్తోవివో స్ట్రైకర్ లోరిస్. అంతకుముందు ఆరు సీజన్లు మోంతెలారోకి ఆడాడు. మోంతెలారో జట్టు జెర్సీలూ బూట్లూ చూసుకునేది సెత్తీమియో. గోల్ వెనక గ్యాలరీలో కంచె ఎక్కి, మైకు పట్టుకుని జనం చేత పాటలు పాడించేది నెల్లో.

తప్పించుకునే దారి ఒకటి ఉండేది. లోరిస్ పేరు మీద నాలుగు ఎల్లో కార్డులున్నాయి. ఐదోది పడితే తర్వాతి మ్యాచ్ ఆడనివ్వరు. ఆడటం ఇష్టంలేని మ్యాచ్‌కి ముందు వారం ఏదో చిన్న తప్పు చేసి కార్డు తెచ్చుకోవడం అక్కడి ఆటగాళ్లందరూ చేసేదే. ఎవరూ తప్పుపట్టరు. నిన్నటి మ్యాచ్‌లో ఆ పని చేస్తానని లోరిస్ పోయిన సోమవారం ఇదే టేబుల్ దగ్గర మాటిచ్చాడు.

"త్రో వేయడానికి బంతి పట్టుకుని, వేయకుండా నిలబడ్డాను. బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాను. రిఫరీ ఏమీ అనలేదు," అన్నాడు లోరిస్. "విజిల్ వేశాక బంతిని గ్యాలరీలోకి తన్నాను. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. జేబులో చెయ్యి పెట్టాడు."

"పెట్టి?"

"రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. 'ఫాంతూజ్జీ, వచ్చే వారం మీ అత్తారి ఊళ్లో కదా ఆట. వెళ్లి ఆడుకో' అన్నాడు."

ఓర్నెల్లాకి నవ్వొచ్చింది. ఎవరూ నవ్వకపోవడంతో ఆపుకుంది.

"నువ్వు ఊరుకున్నావా? ఒక బూతు మాట అంటే పోయేది," అన్నాడు నెల్లో.

"బూతుకి ఎల్లో కార్డు కాదు, రెడ్ కార్డు. వచ్చే సీజన్ మొదట్లో కూడా బయటే కూర్చోవాలి."

"వచ్చే సీజన్‌లో నువ్వు ఆడతావని ఎవరన్నారు? ముప్పై అయిదు దాటాయి."

లోరిస్ గ్లాసు తీసుకుని తాగకుండానే కింద పెట్టాడు. ఓర్నెల్లా అతని వంక చూడలేదు. జట్టు పై డివిజన్‌కి వెళితే ఇంకో ఏడాది ఆడిస్తాననీ, ఆ తర్వాత పిల్లల జట్టు అప్పగిస్తాననీ పోర్తోవివో ప్రెసిడెంట్ అతనికి మాటిచ్చాడు. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. ఈ ఇంట్లో చెప్పలేదు. చెబితే అతను ఆడటానికి కారణం ఉన్నట్టవుతుంది.

"తొడ పట్టేసిందని చెప్పు," అన్నాడు నెల్లో.

"డాక్టర్ స్కానింగ్ తీస్తాడు."

"తియ్యనీ. ఈ వయసు తొడలో ఏదో ఒకటి కనిపించకపోదు."

సెత్తీమియో లేచాడు. తన పళ్లెం తనే పట్టుకెళ్లి కుళాయి కింద కడిగి, బోర్లించి, కోటు తగిలించుకుని బయటికి వెళ్లాడు. నలభై ఏళ్లలో ఆయన ఈ ఇంట్లో పళ్లెం కడగడం ఓర్నెల్లా చూడలేదు.

"చూశావా," అన్నాడు నెల్లో.

"ఏం చూడాలి?" అన్నాడు లోరిస్.

"నీతో పాటు కూర్చుని పూర్తిగా తినలేకపోయాడు. అది."

*

బుధవారం రొట్టెల కొట్లో ఓర్నెల్లా అడుగుపెట్టేసరికి ముందు నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు మాట ఆపారు. కొట్టావిడ రొట్టె కాగితంలో చుడుతూ అడిగింది.

"ఆదివారం ఎక్కడ కూర్చుంటావమ్మా?"

"ఎప్పుడూ కూర్చునే చోటే."

"అదేలే. ఊరికే అడిగాను."

ఊరికే అడగలేదని అందరికీ తెలుసు. ఓర్నెల్లా చిల్లర తీసుకుని వచ్చేసింది.

ఇంటి కింద గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంది. లోపల నేల మీద తెల్ల దుప్పటి పరిచి, నెల్లో మోకాళ్ల మీద కూర్చుని నల్లరంగుతో అక్షరాలు రాస్తున్నాడు. అప్పటికి రాసింది: లోరిస్, నువ్వు భోంచేసింది.

"భోంచేసింది, ఏంటి?" అంది ఓర్నెల్లా.

"ఇక్కడ. ఆ మాటకి చోటుంచాను."

ఆమె వంగి దుప్పటి అంచు పట్టుకుంది.

"ఒరేయ్, ఇది అమ్మ దుప్పటి."

"పాతదే కదక్కా."

"పెళ్లికి తెచ్చుకున్నది. ఇదిగో, మూల మీద ఆవిడ పేరు కుట్టి ఉంది."

"మూల లోపలికి మడుస్తాలే."

"మడిస్తే అమ్మది కాకుండా పోతుందా? కొట్లో తెల్లగుడ్డ దొరకలేదా నీకు?"

"గుడ్డ చిన్నది. అక్షరాలు అవతలి గ్యాలరీకి కనిపించాలి." నెల్లో కుంచె డబ్బా మీద పెట్టాడు. "నేను తిట్టలేదు, చూడు. మావాళ్లు వేరే మాట రాద్దామన్నారు. నేనే ఆపి ఇది రాస్తున్నాను. వాళ్లేం రాద్దామన్నారో చెప్పమంటావా?"

"వద్దు."

"బావ గోల్ కొట్టి మమ్మల్ని కిందికి దింపితే ఆ మైకు నా చేతికి మళ్లీ ఎవరిస్తారు? నా సంగతి సరే. నాన్న? అమెచ్యూర్ జట్లలో జెర్సీలు ఎవరు ఉతుకుతారో తెలుసా?"

"ఎవరు?"

"ఎవరి జెర్సీ వాళ్లమ్మ."

ఓర్నెల్లా రొట్టెల సంచీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. పోర్తోవివో ప్రెసిడెంట్ లోరిస్‌కి ఇచ్చిన మాట చెప్పేద్దామనిపించింది. బావకీ ఇంటి ఖర్చుంది, బావకీ భయముంది అని చెబితే తమ్ముడికి అర్థమవుతుంది. కానీ సాయంత్రానికి గ్యాలరీ మొత్తానికీ తెలుస్తుంది.

"రంగు ఆరేదాకా తలుపు ఎత్తి ఉంచు. ఇల్లంతా వాసన," అని పైకి వెళ్లింది.

*

శుక్రవారం సాయంత్రం లోరిస్ ఫోన్ చేశాడు.

"తొడ సంగతి చెప్పావా?" అంది ఓర్నెల్లా.

"చెప్పాను. డాక్టర్ పడుకోబెట్టి చూశాడు. పాతికేళ్ల కుర్రాడి తొడలా ఉందన్నాడు. పక్క మంచాల మీదున్నవాళ్లు చప్పట్లు కొట్టారు."

"తర్వాత?"

"కోచ్ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. 'ఆడనంటే నేను ఆడించను. కానీ ఆ మాట నీ నోటితో చెప్పు, తొడ చేత చెప్పించకు' అన్నాడు."

"ఏం చెప్పావు?"

"నిన్నడిగి చెబుతానన్నాను."

ఆమె వంటింటి తలుపు దగ్గరగా వేసింది. ముందు గదిలో తండ్రి టీవీ చూస్తున్నాడు. వాతావరణం గురించి చెబుతున్నారు.

"ఆడకపోతే?" అంది.

"ప్రెసిడెంట్ మాట పోయినట్టే. జూన్‌తో అయిపోయింది. పదిహేడో ఏట మొదలుపెట్టాను. ఇంకో పని రాదు నాకు."

"గెలిస్తే ఈ ఇంటికి ఎలా వస్తావు?"

"అదే నిన్నడుగుతున్నాను."

అతని పక్కన ఎవరో తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

"మావయ్య ఏమంటున్నాడు?" అన్నాడు.

"ఏమీ అనడం లేదు."

"ఆరేళ్లు నా బూట్లకి మేకులు బిగించిన మనిషి. ఆడమనో, వద్దనో ఒక మాట అనొచ్చు కదా."

"నాతోనూ అనలేదు."

"సరే. నువ్వు చెప్పు."

చెప్పడానికి ఆమె దగ్గర రెండు మాటలున్నాయి. ఏది చెప్పినా రేపు అది ఆమె చెప్పిన మాటే అవుతుంది.

"నీ ఇష్టం," అంది.

"అది జవాబు కాదు ఓర్నెల్లా."

"తెలుసు."

అతను ఫోన్ పెట్టేశాడు. శనివారం పత్రికలో పోర్తోవివో జట్టు వివరాలు వచ్చాయి. తొమ్మిదో నంబరు ఎదురుగా ఫాంతూజ్జీ అని ఉంది. సెత్తీమియో ఆ పేజీ చదివి మడిచి పక్కన పెట్టాడు.

*

మ్యాచ్ ఉన్న ఆదివారాల్లో సెత్తీమియో భోజనానికి ఇంటికి రాడు. ఓర్నెల్లా స్టేడియానికి డబ్బా తీసుకెళుతుంది. ఆవేళా తీసుకెళ్లింది. కిట్ గదిలో జెర్సీలు కొక్కేలకు వేలాడుతున్నాయి. ఆయన బల్ల దగ్గర మేజోళ్లు జతలు కడుతున్నాడు. బయట ఈలలు మొదలయ్యాయి. పోర్తోవివో బస్సు లోపలికి వచ్చిందని అర్థమైంది.

కాసేపటికి లోరిస్ తలుపు దగ్గర నిలబడ్డాడు. అవతలి జట్టు ట్రాక్‌సూట్‌లో ఉన్నాడు.

"మావయ్యా, మా గదిలో నీళ్ల సీసాలు తక్కువొచ్చాయి."

"లెక్కపెట్టే పెట్టాను," అన్నాడు సెత్తీమియో.

లోరిస్ కదల్లేదు. ఓర్నెల్లా డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లబోయింది.

"నువ్వుండు," అన్నాడు తండ్రి. తర్వాత అల్లుడి వైపు తిరిగాడు. "గోల్ కొడితే ఏం చేద్దామనుకుంటున్నావు?"

"చేతులెత్తి నిలబడతాను. పాత జట్టు మీద కొడితే ఎవరైనా అంతే కదా. సంబరం చేసుకోరు."

"ఆ పని చెయ్యొద్దు."

"మర్యాద కోసం..."

"టీవీలో చూస్తూనే ఉన్నాను. కొట్టేది కొట్టి, చేతులెత్తి, తల దించుకుని నిలబడతారు, చావింటికి వచ్చినట్టు. మేమింకా చావలేదు. కొట్టేటట్టయితే కొట్టు. కొట్టాక, ఇక్కడ ఎలా పరిగెత్తేవాడివో అలా పరిగెత్తు."

"మీరు కిందికి పడిపోతే?"

"కింద ఆడతాం. అక్కడా ఇదే బురద."

"మరి మీ ఉద్యోగం?"

సెత్తీమియో చేతిలో ఉన్న మేజోళ్ల జత బుట్టలో వేశాడు.

"నా ఉద్యోగం నీ కాలు మీద ఆధారపడి ఉందని ఎవరు చెప్పారు నీకు? నెల్లోగాడా? వాడు దుప్పట్ల మీద రాస్తాడు, అంతే. నేను నీతో మాట్లాడకపోయింది నువ్వు ఆడతావని కాదు. కార్డు కోసం బంతిని గ్యాలరీలోకి తన్నావని. పనివాడు చేసే పని కాదది."

లోరిస్ నేల వైపు చూశాడు.

"ఇంకో మాట," అన్నాడు సెత్తీమియో. "కావాలని కొట్టకపోతే గ్యాలరీకి తెలియకపోవచ్చు. నాకు తెలుస్తుంది. నీ కాలు నాకు తెలుసు."

ఆయన బల్ల కింద నుంచి రెండు నీళ్ల సీసాలు తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

"ఇవిగో నీ సీసాలు. వెళ్లు."

*

ఎనభయ్యో నిమిషం దాకా చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. మోంతెలారో పది మందినీ వెనక్కి పిలిచి కాపలా పెట్టింది. పోర్తోవివో బంతిని అటూ ఇటూ తిప్పింది. లోరిస్ కాలికి బంతి తగిలినప్పుడల్లా గ్యాలరీ ఈల వేసింది. దుప్పటి కంచెకు కట్టి ఉంది. మూల మడవలేదు.

ఎనభై మూడో నిమిషంలో మోంతెలారో డిఫెండర్ చేతికి బంతి తగిలింది. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు.

బంతి లోరిస్ తీసుకున్నాడు. పోర్తోవివోలో పెనాల్టీలు కొట్టేది అతనే. కోచ్ బెంచి దగ్గర నుంచి ఏమీ అనలేదు.

గోల్‌లో ఉన్నది గార్దీని. లోరిస్ మోంతెలారోకి ఆడిన రోజుల్లో నాలుగేళ్లు అతని పెనాల్టీలకు ఎదురు నిలబడి సాధన చేసినవాడు. లోరిస్ గోల్‌కీపర్ ఎడమ పక్కకు కొడతాడు, నేలబారుగా, గట్టిగా. ఇంకో పక్కకు కొట్టగా ఓర్నెల్లా ఎన్నడూ చూడలేదు. మిగతా గోల్‌కీపర్లకు తెలిసినా అందేది కాదు. గార్దీనికి లోరిస్ ఎన్ని అడుగులు వేసి కొడతాడో కూడా తెలుసు.

ఈలలు ఆగిపోయాయి. నెల్లో కంచె మీద మైకు దించి నిలబడ్డాడు.

లోరిస్ పరిగెత్తాడు. కాలు బంతికి తగలక ముందే గార్దీని ఎడమ పక్కకు దూకాడు. బంతి ఎడమ పక్కకే వచ్చింది. చేతి తొడుగులకు తగిలి, స్తంభానికి కొట్టుకుని బయటికి పోయింది.

గ్యాలరీ లేచింది. ఓర్నెల్లా పక్కనున్నావిడ ఆమెను కావలించుకుని ముద్దుపెట్టుకుంది. బుధవారం రొట్టెల కొట్లో మాట ఆపినవాళ్లలో ఒకావిడ. గోల్ వెనక నుంచి పాట మొదలైంది. లోరిస్ మోంతెలారోకి ఆడినప్పుడు అతని పేరు మీద కట్టిన పాట. నాలుగేళ్లుగా ఎవరూ పాడనిది. మైకు నెల్లో చేతిలో ఉంది.

ఆ పాట ఆట ముగిసేదాకా సాగింది. ఒక గోలు కూడా పడలేదు. మోంతెలారో నిలబడింది. పోర్తోవివో ఆటగాళ్లు లోరిస్ పక్క నుంచి నడిచి లోపలికి వెళ్లారు. ఎవరూ అతని భుజం మీద చెయ్యి వేయలేదు. గార్దీని ఒక్కడే దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. లోరిస్ చెయ్యి కలిపాడు. కెమెరాలు ఆ క్షణాన్నే పట్టుకున్నాయి.

*

ఓర్నెల్లా కారు వెనక గేటు దగ్గర ఆపి కూర్చుంది. పోర్తోవివో బస్సు ఇంజన్ ఆన్‌లో ఉంది. లోరిస్ సంచీతో దాని మెట్టు దగ్గరికి వచ్చాడు. జట్టు డైరెక్టర్ మెట్టు మీద నిలబడి ఉన్నాడు. పక్కకు జరగలేదు.

"నీకు బస్సులో చోటు లేదు ఫాంతూజ్జీ."

"ఎందుకని?"

"లోపలున్నవాళ్లు వద్దంటున్నారు. రేపు ట్రైనింగ్‌కి రావద్దు. మేమే పిలుస్తాం. పిలిచినప్పుడు లాయర్ని వెంటబెట్టుకుని రా."

"గురి తప్పింది. ఆటలో తప్పదా?"

"తప్పుతుంది. బావమరిది ఆ గ్యాలరీలో మైకు పట్టుకునేవాడై, మామ వాళ్ల కిట్ గదికి తాళం వేసేవాడైతే మాత్రం ఎందుకు తప్పిందని అడుగుతారు. నేను కాదు, ఫెడరేషన్ వాళ్లు."

బస్సు తలుపు మూసుకుంది. లోరిస్ సంచీ భుజాన వేసుకుని కారు దగ్గరికి నడిచాడు. దారిలో ఇద్దరు ఆపి ఫోటో దిగారు. ఒకాయన బీరు గ్లాసు చేతికిచ్చాడు. లోరిస్ దాన్ని గోడ మీద పెట్టి వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

సెత్తీమియో తాళాల గుత్తితో బయటికి వచ్చాడు. కారు దగ్గర ఆగి కిటికీలోకి వంగాడు.

"ఎడమ పక్కకే కొట్టావు," అన్నాడు.

"ఎప్పుడూ అటే కదా మావయ్యా."

"గార్దీనికి తెలుసు."

"తెలుసు."

"వాడికి తెలుసని నీకూ తెలుసు."

సెత్తీమియో ఇంకాసేపు వంగే ఉన్నాడు.

"నా కాలికి అదొక్కటే వచ్చు," అన్నాడు లోరిస్ చివరికి. "మార్చుదామనుకున్నాను. పరిగెత్తుతున్నప్పుడు మార్చుదామనే అనుకున్నాను. కాలు దాని పని అది చేసింది."

సెత్తీమియో నడుం నిటారు చేసుకున్నాడు.

"ఎక్కు నాన్నా," అంది ఓర్నెల్లా.

"నడిచి వస్తాను."

ఆయన గోడ వెంబడి నడిచి మలుపు తిరిగాడు. తాళాల చప్పుడు కాసేపు వినిపించింది. ఓర్నెల్లా కారు తాళం తిప్పబోయి ఆగింది. లోరిస్ ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆయన నమ్మలేదు," అన్నాడు.

"నమ్మలేదని అనలేదు కదా."

"బస్సులోవాళ్లు నమ్మలేదు. ఫెడరేషన్ వాళ్లు నమ్మరు. వాళ్లు పోనీ." అతను గొంతు పెంచలేదు. "నువ్వు చెప్పు. కావాలని చేశాననుకుంటున్నావా?"

లేదు అని వెంటనే అనాలి. ఆ సంగతి ఓర్నెల్లాకి తెలుసు. అతను బంతిని చేత్తో తీసి చుక్క మీద పెట్టడం ఆమె చూసింది. పెట్టాక ఒకసారి గార్దీని వంక చూశాడు. అది కొలుచుకోవడమా, ఎటు కొడతాడో ముందే చెప్పడమా అని ఆమె అప్పుడే అనుకుంది. ఇప్పుడు మళ్లీ అదే ఆలోచించింది.

"లేదు," అంది.

ఆ మాటకీ అతని ప్రశ్నకీ మధ్య ఎంత సేపు పట్టిందో అతను చూశాడు. తల ఊపాడు. తలుపు తెరుచుకుని దిగి, సంచీ సీటు మీదే వదిలేశాడు.

గేటు అవతల నెల్లో, అతని వెనక గ్యాలరీ జనంలో సగం మంది నిలబడి ఉన్నారు. లోరిస్‌ని చూసి పాట మళ్లీ అందుకున్నారు. అతను ఒక క్షణం ఆగి, అటే నడిచాడు.